ఫిట్స్ వచ్చిన సంగతి ఫ్యాక్టరీలో చెప్పాలా? చెబితే ఎవరికి, ఎంతవరకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 34, పుత్తూరు దగ్గర ఊరు, రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మెషీన్ ఆపరేటర్. ఆరు వారాల కిందట తెల్లవారుజామున ఇంట్లో ఫిట్స్ వచ్చాయి. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ వాళ్లు పరీక్షలు చేసి మాత్రలు మొదలుపెట్టారు, ఆ తర్వాత మళ్లీ రాలేదు. కంపెనీలో మాత్రం పచ్చకామెర్లని చెప్పి లీవు పెట్టారు. వచ్చే సోమవారం చేరాలి. నిజం చెబితే ఉద్యోగం పోతుందేమోనని ఒక భయం, ఊళ్లో తెలిస్తే చెల్లెలి పెళ్లికి అడ్డమేమోనని ఇంకో భయం. స్నేహితుడొకరు అయిదొందలిస్తే కామెర్ల సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు.

చెప్పండి. చేసేది ప్రెస్ మీద పని కాబట్టి ఇందులో రెండో మాట లేదు. అయితే అందరికీ చెప్పక్కర్లేదు, అంతా చెప్పక్కర్లేదు. ఏ పని చేయగలరు, ఏది చేయకూడదు, ఎన్నాళ్లు చేయకూడదు. కంపెనీకి కావలసింది ఈ మూడే. అవి డాక్టరు సంతకంతో కాగితం మీద ఉండాలి.

నేను 26 ఏళ్లు వెల్ఫేర్ ఆఫీసరుగా చేశాను, చిత్తూరు వైపు ఒక ఫ్యాక్టరీలో కొన్నాళ్లు, మిగతాదంతా తిరుపతి దగ్గర. 500 మంది కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాశారు కాబట్టి పుట్టిన ఉద్యోగం అది. "మేడం, ఒక మాట" అని తలుపు సగం తీసి నిలబడేవాళ్లు. కూర్చోమన్నా కూర్చునేవాళ్లు కాదు. అలా నిలబడి చెప్పిన మాటల్లో సగం జబ్బుల గురించే.

ముందు ఆ అయిదొందల సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. అది కొనకండి. ఇలాంటి కాగితాలు మాకు నెలకు పది వచ్చేవి. ఒకే క్లినిక్కు, ఒకే రబ్బరు స్టాంపు, "వైరల్ ఫీవర్, 5 రోజులు రెస్ట్" అని ఒకే చేతిరాత. ఒకసారి ముగ్గురు వేర్వేరు డిపార్టుమెంట్ల వాళ్లు తెచ్చిన సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ముగ్గురివీ వరుస నంబర్లు, తేదీలు మాత్రం నెల తేడా. నవ్వి వదిలేసినవి ఉన్నాయి. కానీ మీది ఆరు వారాల లీవు. కామెర్లంటే ఫ్యాక్టరీ డాక్టరు ఊరుకోడు, క్యాంటీన్‌లో అందరితో కలిసి తినే మనిషి కాబట్టి బిలిరుబిన్ రిపోర్టు ఎక్కడ అని అడుగుతాడు. ఆ రిపోర్టు కూడా కొంటారా? అప్పటిదాకా జబ్బు మనిషిగా ఉన్నవారు ఆ రోజు నుంచి దొంగ కాగితం పెట్టిన మనిషి అవుతారు. జబ్బుకు మేము సాయం చేయగలం, దొంగ కాగితానికి చేయలేం.

ఇక ఎందుకు చెప్పి తీరాలంటే, నా కళ్ల ముందు జరిగింది ఒకటి రాస్తాను. మా దగ్గర ఒక ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఉండేవాడు. పనిమంతుడు. రెండేళ్లుగా ఫిట్స్‌కి మాత్రలు వాడుతున్నాడని ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక వేసవిలో మనుషులు తక్కువై వరసగా రాత్రి షిఫ్టులు పడ్డాయి, పైగా ఓవర్‌టైం. అయిదో రాత్రి గడిచి తెల్లవారుతుండగా బండి మీదే ఫిట్స్ వచ్చాయి. బండి వెళ్లి ర్యాక్‌కు గుద్దుకుంది, పైనుంచి ప్యాలెట్ జారి పక్కనున్న హెల్పరు కాలి వేళ్ల మీద పడింది. ప్రాణాలు పోలేదు. ఎంక్వైరీలో నేనూ కూర్చున్నాను. చార్జిషీటులో అతని జబ్బు ప్రస్తావన ఒక్క లైనే, మిగతా పేజీ అంతా "తెలిసి దాచాడు" అనే దాని గురించే. "ముందే చెప్పి ఉంటే తీసేసేవాళ్లు కదా మేడం" అన్నాడు. తీసేసేవాళ్లేమో, నేను కాదనలేను. కానీ ఆ రోజు అతని తరఫున మాట్లాడటానికి నా చేతిలో ఒక్క కాగితం కూడా లేదు.

నిద్ర చెడితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ మాట మీకు డాక్టరు చెప్పే ఉంటారు. మాత్ర ఒక పూట మరిచిపోయినా, మద్యం తాగినా అంతే. అంటే మీ సమస్య ప్రెస్ ఒక్కటే కాదు, నైట్ షిఫ్టు కూడా. ప్రెస్ నుంచి తప్పించి నైట్‌లోనే ఉంచితే సగం పనే అయినట్టు.

కాగితం ఎలా ఉండాలి. మామూలుగా మనవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లి "డ్యూటీలో చేరాలి, ఫిట్‌నెస్ రాసివ్వండి" అంటారు. ఆయన ఓపీ రద్దీలో "ఫిట్ టు రెజ్యూమ్ డ్యూటీ" అని ఒక లైను గీసి ఇచ్చేస్తారు. ఆ ఒక్క లైను పట్టుకుని వస్తే హెచ్‌ఆర్ వాళ్లు రెండిట్లో ఒకటి చేస్తారు. అంతా బాగుందనుకుని అదే ప్రెస్ మీద, అదే నైట్‌లో వేస్తారు. లేదా ఎవరో ద్వారా ఫిట్స్ అని తెలిసి, "మాకెందుకు రిస్కు" అని పూర్తిగా పక్కన పెడతారు. తప్పు డాక్టరుది కాదు, మీరు ప్రెస్ మీద పనిచేస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి వెళ్లేముందు ఒక తెల్లకాగితం మీద మీ పని రాసుకుని వెళ్లండి. ఏ మెషీన్, నిలబడి చేసేదా కూర్చుని చేసేదా, చేతులు డై (ప్రెస్‌లోని అచ్చు) దగ్గరికి వెళతాయా, ఎత్తు ఎక్కాలా, బరువెంత, షిఫ్టులు ఎలా మారతాయి, ఇంటి నుంచి ఎలా వస్తారు. అది చూపించి ఇలా అడగండి: "సార్, వీటిలో ఏది చేయవచ్చో, ఏది ఎన్నాళ్లు వద్దో రాసివ్వండి." మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ కూడా రాయించండి. బైకు నడపవచ్చా అని కూడా అడగండి. ఆయన సరేననే దాకా కంపెనీ బస్సే ఎక్కండి, బస్‌స్టాపు దాకా ఎవరినైనా దింపమనండి.

ఎవరికి చెప్పాలి. మీ కంపెనీలో మెడికల్ ఆఫీసరు ఉంటే ముందు ఆయనకి. లేకపోతే హెచ్‌ఆర్‌లోనో వెల్ఫేర్‌లోనో ఒక్క మనిషికి. లైన్ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి ముందే చెప్పేయకండి. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి మనసుకు సంబంధించిన జబ్బుకు మందులు వాడుతున్నానని నా దగ్గర చెప్పుకుంది, మందుల వల్ల పొద్దున షిఫ్టుకు లేవలేకపోతోంది. మంచి చేద్దామని సూపర్‌వైజరును పిలిచి కారణంతో సహా చెప్పాను. ఆయన షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పాడు. సాయంత్రానికి శ్రీకాళహస్తి బస్సంతా తెలిసిపోయింది. ఫ్యాక్టరీ బస్సు ఎక్కినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, అందులో ముప్పై కిలోమీటర్లు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి. రెండు వారాలకు ఆ అమ్మాయి రాజీనామా కాగితం తెచ్చి నా టేబుల్ మీదే పెట్టింది, ఏమీ అనలేదు. అప్పటి నుంచి సూపర్‌వైజర్లకు నేను పంపిన చీటీల్లో జబ్బు పేరు ఎప్పుడూ రాయలేదు. "ఫలానా నంబరు, జూన్ నెలాఖరు దాకా నైట్ వద్దు, ప్రెస్ వద్దు. వెల్ఫేర్." ఇంతే. ఎందుకని అడిగితే "మెడికల్" అనేదాన్ని.

మీ విషయంలో దీనికి ఒక మినహాయింపు ఉంది. మీ పక్కన పనిచేసే ఒకరిద్దరికి తెలిసి ఉండాలి, మీ మేలు కోసమే. తెలియకపోతే ఏం జరుగుతుందో చూశాను, పదిమంది చుట్టూ మూగుతారు, ఒకడు తాళాల గుత్తి చేతిలో పెడతాడు, ఇంకొకడు నోట్లో చెంచా దూరుస్తాడు. ఇనుముకూ ఫిట్స్ ఆగడానికీ సంబంధం లేదు. నోట్లో ఏదైనా పెడితే పళ్లు విరుగుతాయి, ఊపిరి ఆడక ప్రమాదం. చేయాల్సిందల్లా చుట్టూ తగిలేవి జరపడం, తల కింద మెత్తగా ఏదైనా పెట్టడం, పక్కకు ఒత్తిగిలేలా తిప్పడం, టైము చూసుకోవడం. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా 108కి ఫోన్ చేయాలి. నమ్మకమున్న ఇద్దరిని మీరే ఎంచుకుని ఈ నాలుగు ముక్కలూ చెప్పండి.

ఏం రాయాలి. నోటితో చెప్పి ఊరుకోకండి. కింద రాసినట్టు ఒక చిన్న ఉత్తరం లేదా ఈమెయిలు చాలు, మీ మాటల్లో మార్చుకోండి:

"సార్, ఫలానా తేదీ నుంచి లీవులో ఉన్నాను. నరాలకు సంబంధించిన సమస్యకు స్విమ్స్‌లో చికిత్స తీసుకుంటున్నాను. లీవు అడిగినప్పుడు భయపడి వేరే కారణం చెప్పాను, అది నా పొరపాటు. డ్యూటీలో చేరవచ్చని, అయితే ఇన్ని నెలలు ప్రెస్ మెషీన్, ఎత్తు మీద పని, నైట్ షిఫ్టు వద్దని డాక్టరు గారు రాసిచ్చారు. సర్టిఫికెట్ జతచేశాను. అప్పటివరకు ఇన్‌స్పెక్షన్, ప్యాకింగ్, స్టోర్స్ లాంటి పని ఇప్పించగలరు. ఫలానా తేదీన మళ్లీ చూపించుకుని కొత్త సర్టిఫికెట్ ఇస్తాను. ఈ వివరాలు అవసరమైన వారికి తప్ప ఇతరులకు తెలియనివ్వవద్దని మనవి."

కామెర్ల గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యం. అంతకు మించి సంజాయిషీ వద్దు. కాళ్లావేళ్లా పడితే పెద్ద తప్పేదో చేశారేమోనని వాళ్లకే అనుమానం వస్తుంది. మెడికల్ ఆఫీసరు అడిగితే ఫిట్స్ అని సూటిగా చెప్పండి, ప్రిస్క్రిప్షన్ చూపించండి. ఉత్తరంలో మాత్రం ఆ మాట అక్కర్లేదు. ఉత్తరాలు ఫైల్లో ఉంటాయి, ఫైళ్లు చాలామంది చేతులు మారతాయి. "ఏదైనా పని ఇవ్వండి సార్" అనకుండా మూడు పనుల పేర్లు రాయమన్నది కూడా కావాలనే. మీరు చేయగల పని వెతకడం హెచ్‌ఆర్‌కు అదనపు పని, ఆ పని మీరే చేసి పెడితే ఒప్పుకోవడం తేలిక.

తేదీ ఎందుకు ముఖ్యమో కూడా చెబుతాను. చిత్తూరు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకావిడకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చిత్తూరు వాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరు సీఎంసీయే కదా, బస్సెక్కితే గంటన్నరలోపే. మూడు వారాలకోసారి కీమో. మొదటి రెండు సార్లు చెప్పకుండా ఆగిపోయింది, సూపర్‌వైజరు రోజూ నా ప్రాణం తీసేవాడు, "ఎప్పుడొస్తాదో ఎప్పుడు రాదో తెలీక చస్తా ఉండా మేడం" అని. మూడోసారి ఆమె గోడ క్యాలెండరు చింపి తెచ్చింది, కీమో తేదీలకు ఎర్ర సున్నాలు, తర్వాత నీరసంగా ఉండే నాలుగైదు రోజులకు పెన్సిలు గీతలు. ఆ కాగితం సూపర్‌వైజరు తన టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు, ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. ఆయన కోపం ఆమె జబ్బు మీద కాదు, రేపు లైన్‌లో ఎవరిని నిలబెట్టాలో తెలియకపోవడం మీద.

డబ్బు సంగతి. జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) కడుతుంటే సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది, రోజు కూలి సగటులో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులైనా చందా పడి ఉండాలి. ఇది ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ మీద నడుస్తుంది కాబట్టి స్విమ్స్ కాగితాలన్నీ తీసుకుని మీ డిస్పెన్సరీకో, తిరుపతి ఈఎస్‌ఐ ఆస్పత్రికో వెళ్లండి. మీరు కామెర్ల కథ అల్లుతూ ఈ దారి మూసుకున్నారు, గడిచిన రోజులకు ఏమైనా వస్తుందేమో అక్కడే అడగండి. టీబీ, క్యాన్సర్, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి 34 దీర్ఘరోగాలకు వేరే ఏర్పాటు ఉంది, అర్హత ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. నేను చెప్పిన ప్యాకింగ్ ఆవిడ అలాగే గట్టెక్కింది. మీకు అంత అవసరం పడకూడదనే అనుకుందాం.

పని మారితే చేతికొచ్చేది తగ్గుతుంది, ఇది ముందే తెలుసుకుని ఉండండి. మూల జీతం ముట్టుకోకపోయినా నైట్ అలవెన్సు, ఓవర్‌టైం పోతాయి. మా దగ్గర ఒక వెల్డరును ఇలాగే టూల్ స్టోర్స్‌కు మార్చాం. నెలకు రెండున్నర వేలు తగ్గింది. చెప్పి మంచిపని చేశానని అతను ఏనాడూ అనలేదు, కనిపించినప్పుడల్లా ఆ రెండున్నర వేల గురించే అడిగేవాడు. అడగడంలో న్యాయం కూడా ఉంది.

తీసేస్తారా? పర్మనెంటు ఉద్యోగి అయి, డాక్టరు కాగితం చేతిలో ఉంటే అంత తేలిక కాదు. జబ్బుతో చికిత్సలో ఉన్నవాణ్ణి ఆ కాలంలో తొలగించకూడదని 1948 ఈఎస్‌ఐ చట్టంలో 73వ సెక్షన్ ఉండేది, దాన్ని చూపించి నేనే రెండుసార్లు ఆర్డర్లు ఆపించాను. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, కాబట్టి పాత సెక్షన్ నంబర్లు పట్టుకుని వాదనకు దిగకండి. అవసరం పడితే కార్మిక శాఖ ఆఫీసులో మీ కాగితాలు చూపించి అడగండి. అలాగని చట్టం మొత్తం మన వైపే ఉందనుకోవద్దు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టమే, అదే పనిగా సాగే అనారోగ్యం వల్ల తొలగిస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ (పరిహారం ఇచ్చి తీసేయాల్సిన తొలగింపు) కింద లెక్కపెట్టలేదు. అందుకే పొంతన లేని కారణాలతో చిన్న చిన్న లీవులు పేర్చుకుంటూ పోవడం ప్రమాదం, ఒకరోజు ఆ ఫైలే మీకు ఎదురు తిరుగుతుంది. ఒక జబ్బు, ఒక డాక్టరు, వరుసగా తేదీలు, పరిస్థితి మెరుగవుతున్నట్టు చూపే సర్టిఫికెట్లు. ఫైలు ఇలా ఉంటే దాన్ని మీ మీద వాడటం కష్టం.

కాంట్రాక్టు మీద ఉంటే మాత్రం ధైర్యం చెప్పలేను. "రేపటి నుంచి రావద్దు" అని ఫోన్లోనే చెప్పే కాంట్రాక్టర్లు ఉన్నారు. అప్పుడు కూడా ప్రెస్ మీద నిలబడమని నేను చెప్పను, చేతులు పోతే ఏ కాంట్రాక్టరూ తెచ్చివ్వడు. ఉత్తరం కాంట్రాక్టరుకు రాసి కంపెనీ హెచ్‌ఆర్‌కు కాపీ పెట్టండి. అంతకు ముందే అదే కంపెనీలో ప్యాకింగ్ వైపు వేరే కాంట్రాక్టరు ఎవరైనా ఉన్నారేమో విచారించి ఉంచుకోండి.

ఊళ్లో మాట, చెల్లెలి పెళ్లి. దీనికి నా దగ్గర మందు లేదు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛరోగాన్ని పెళ్లికి అడ్డంకిగా రాసి పెట్టారు, 1999లో తీసేశారు. చట్టంలోంచి పోయింది, మన అరుగుల మీద నుంచి పోవడానికి ఇంకా టైము పడుతుంది. ఫ్యాక్టరీలోనూ అంతే. టీబీ తగ్గి తిరిగొచ్చిన ఒకతని కోసం క్యాంటీన్‌లో ఒక గ్లాసుకు అడుగున ఎర్రరంగు చుక్క పెట్టి వేరుగా ఉంచారు. సరైన మందులు పడ్డాక, మామూలు టీబీ అయితే రెండు వారాలకే అంటించే గుణం చాలావరకు పోతుంది, అతను ఆరు నెలల కోర్సే పూర్తి చేసి వచ్చాడు. ఉపన్యాసం ఇచ్చి లాభం లేదనిపించి, పెయింట్ షాపు నుంచి డబ్బా తెప్పించి క్యాంటీన్‌లో గ్లాసులన్నింటికీ అదే చుక్క పెట్టించాను. మేనేజరు పెయింటు ఖర్చు ఏ పద్దులో రాయాలని అడిగాడు. మీది అంటుకునే జబ్బు కూడా కాదు, అయినా రెండు రోజులు చూపులు తప్పవు, తర్వాత వాళ్లకు ఇంకో కబురు దొరుకుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఈ వారమే. శనివారంలోగా స్విమ్స్ ఓపీకి వెళ్లి ఆ సర్టిఫికెట్ రాయించుకోండి, మీ పని రాసిన తెల్లకాగితం మరిచిపోవద్దు. రెండు జిరాక్సులు తీసి ఒకటి ఇంట్లో పెట్టండి. డాక్టరు దొరక్కపోతే సోమవారం వెళ్లకండి, మూడు రోజులు లీవు పొడిగించమని ఈమెయిలు పెట్టండి. ఈసారి కారణం దగ్గర పచ్చకామెర్లు అని రాయకండి.